చెట్టు కింద గడ్డి: సర్ ఆల్బర్ట్ హోవర్డ్ జీవితం

మామిడితోటలో గడ్డిని ఉంచాలా, దున్నివేయాలా అన్న ప్రశ్న కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపున గానీ, కృష్ణగిరి వైపున గానీ తోటలున్న ఇళ్ళకు కొత్తది కాదు. నేలను నున్నగా దున్ని ఉంచితే తొలకరి వానకే పైమన్ను కొట్టుకుపోతుంది. గడ్డిని దాని మానాన వదిలితే చెట్టు ఏడాదికేడాది నీరసిస్తుంది. సేంద్రియ వ్యవసాయం ప్రచారంలోకి వచ్చిన తరువాత చెట్ల కింద నేల ఎప్పుడూ పచ్చగా, ప్రాణమున్న పైరుతో కప్పబడి ఉండాలన్న మాట తరచుగా వినవస్తున్నది. ఏ పైరు, ఏ వయసు చెట్టు కింద, ఏ ఋతువులో అన్న వివరం మాత్రం అంత తరచుగా వినబడదు. ఈ వివరం కోసమే బీహారులో పదేళ్ళపాటు ఎనిమిది జాతుల పండ్లచెట్లను సాక్షులుగా నిలబెట్టిన శాస్త్రజ్ఞుడొకరున్నారు. సేంద్రియ వ్యవసాయానికి ఆద్యులని ప్రపంచం చెప్పుకునే కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆయన పేరు ఆల్బర్ట్ హోవర్డ్. కంపోస్టు ఎరువు పేరెత్తితే ఆయనను తలచుకునేవారు ఉన్నారు గానీ, ఆయన పండ్లతోటల పరిశోధన తగినంతగా ప్రచారం పొందలేదు.

హోవర్డ్ 1873 డిసెంబరు 8న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ మండలంలో బిషప్స్ కాజిల్ అనే చిన్న ఊరిలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. పొలం పనుల మధ్యనే బాల్యం గడిచింది. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్సులోనూ, అనంతరం కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలోనూ చదివి, ప్రకృతిశాస్త్రాలలోనూ వ్యవసాయంలోనూ అర్హతలు సంపాదించారు. 1899లో వెస్టిండీస్ వ్యవసాయశాఖలో శిలీంధ్ర శాస్త్రజ్ఞునిగా చేరి బార్బడోస్ ద్వీపానికి వెళ్ళారు. చెరకుకు వచ్చే తెగుళ్ళను సూక్ష్మదర్శిని కింద పరిశీలించడం ఆయన విధి.

అక్కడే మొదటి అసంతృప్తి మొదలైంది. తెగులుకు మందు చెప్పవలసిన నిపుణునికి తాను చెప్పిన మందును ప్రయోగించి చూసేందుకు జానెడు సొంత పొలం లేదు. పొలం చేసే రైతుకు సలహా ఇచ్చే అధికారం తనకుంది. ఆ సలహా తప్పయితే నష్టపోయే బాధ్యత తనకు లేదు. ఈ లోపాన్ని ఆయన జీవితాంతం మరచిపోలేదు. 1903లో స్వదేశానికి తిరిగివచ్చి కెంట్ మండలంలోని వై వ్యవసాయ కళాశాలలో చేరారు. బీరు తయారీలో వాడే హాప్స్ తీగలపై అక్కడ పనిచేసి, మగ తీగలను తోటలోనుంచి తొలగించకుండా పరాగ సంపర్కం జరగనిస్తే పంట బాగుపడుతుందని చూపారు. ప్రకృతి ఏర్పాటు చేసుకున్న దానిని మనిషి అనవసరంగా తీసివేయడమే కొన్ని చిక్కులకు మూలమన్న ఆలోచన ఆయనకు ఆ తోటలలోనే కలిగింది.

1905లో ఆయన భారతదేశానికి వచ్చారు. లార్డ్ కర్జన్ కాలంలో, అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళం ఆధారంగా బీహారులో బూఢీ గండక్ నది ఒడ్డున పూసా అనే గ్రామంలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. నేడు పూసా అనగానే ఢిల్లీలోని సంస్థ గుర్తుకు రావడం సహజం. అసలు పూసా ఇదే. 1934 జనవరి 15న సంభవించిన భూకంపంలో భవనాలు దెబ్బతిన్న తరువాత 1936లో సంస్థ ఢిల్లీకి తరలిపోయింది. ఊరి పేరు కూడా దానితోపాటే తరలిపోయింది. హోవర్డ్ అక్కడ ఇంపీరియల్ ఎకనామిక్ బొటానిస్ట్‌గా నియమితులయ్యారు. అదే ఏడాది గాబ్రియెల్ మత్తేయితో ఆయన వివాహం జరిగింది.

గాబ్రియెల్‌ను గురించి విడిగా చెప్పక తప్పదు. ఆమె కేంబ్రిడ్జిలో ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞునితో కలిసి ఆకులు బొగ్గుపులుసు వాయువును స్వీకరించే విధానంపై పరిశోధనలు చేసి, పెళ్ళికి ముందే పేరు తెచ్చుకున్న వృక్షశాస్త్రజ్ఞురాలు. భారతదేశంలో ఆమెకు మొదట ప్రభుత్వోద్యోగం లేదు. 1910లో భర్తకు సహాయకురాలిగానూ, 1913లో రెండవ ఇంపీరియల్ ఎకనామిక్ బొటానిస్ట్‌గానూ నియామకం లభించింది. స్త్రీలకు విశ్వవిద్యాలయ పట్టాలే సరిగా ఇవ్వని ఆ రోజులలో ఇది చిన్న విషయం కాదు. పూసాలో జరిగిన పనిని ఏది ఆయనది, ఏది ఆమెది అని విడదీయడం కష్టం. వారిద్దరూ కలిసి వెలువరించిన పూసా 4, పూసా 12 గోధుమ రకాలు ఉత్తర భారతంలో విస్తారంగా సాగయ్యాయి. ఉద్యోగరీత్యా చూస్తే ఆ గోధుమలే వారి ఘనవిజయం.

అయితే హోవర్డ్ మనసు గోధుమల దగ్గర ఆగలేదు. పూసాలో ఆయన పట్టుబట్టి 75 ఎకరాల భూమిని, సొంత ఎడ్లను సంపాదించుకున్నారు. బార్బడోస్‌లో లేనిది ఇక్కడ దొరికింది. చుట్టుపక్కల రైతులు ఏమి చేస్తున్నారో చూడడం, చూసినదానిని తన పొలంలో చేయడం, తెగుళ్ళు పురుగులు ఎక్కడ ఎందుకు వస్తున్నాయో గమనించడం అన్నది ఆయన దినచర్య అయింది. రైతునూ, పురుగునూ ఆయన తన గురువులుగా భావించారు. పురుగు పట్టిందంటే ఆ మొక్కకు ఆ నేలలో ఏదో కుదరలేదని అర్థం; కనుక పురుగును చంపేముందు అది చెబుతున్నదేమిటో వినాలన్నది ఆయన వాదం. తన ఎడ్లు పక్క పొలంలోని గాలికుంటు వ్యాధి సోకిన పశువులతో కంచె మీదుగా మూతులు రాసుకున్నా వాటికి వ్యాధి రాలేదని ఆయన నమ్మకంగా రాశారు. పశువైద్యశాస్త్రం దీనిని ఆమోదించలేదు. మంచి మేత తిన్న పశువుకైనా ఆ వ్యాధి వస్తుందని, టీకా తప్పనిసరి అని నేడు అందరికీ తెలుసు. తాను కన్నదానినుంచి కొంత దూరం ఎక్కువగా నడిచే స్వభావం ఆయనలో ఉండేదని ఇటువంటి చోట్ల తెలుస్తుంది. చెట్ల విషయంలో మాత్రం ఆయన అలా తొందరపడలేదు.

చెట్ల కథ ఇంగ్లండులో మొదలైంది. 1894లో బెడ్‌ఫర్డ్ ప్రభువు, స్పెన్సర్ పికరింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కలిసి వోబర్న్ అనే చోట పండ్లతోటల ప్రయోగక్షేత్రం స్థాపించారు. అక్కడ కొత్తగా నాటిన ఆపిల్ చెట్ల చుట్టూ గడ్డి పెంచితే చెట్లు గిడసబారిపోయాయి. నీటికోసం పోటీయా అంటే, నీరు పోసినా ఫలితం అంతే. ఎరువు కోసమా అంటే అదీ పూర్తి సమాధానం కాలేదు. పికరింగ్ చివరకు ఒక విచిత్రమైన ప్రయోగం చేశారు. అడుగున రంధ్రాలున్న పళ్ళేలలో గడ్డి పెంచి, వాటిని కుండీలలోని చెట్లపై ఉంచి, గడ్డి గుండా దిగిన నీరు చెట్టు వేళ్ళకు అందేలా చేశారు. చెట్టు దెబ్బతిన్నది. గడ్డి వేళ్ళనుంచి ఏదో విషపదార్థం దిగుతున్నదని ఆయన నిర్ణయించారు. ఆ నీటిని కొంతకాలం గాలి తగలనిస్తే దోషం పోతున్నదని కూడా గమనించారు. గాలి అన్న ఆ చిన్నమాట హోవర్డ్ దృష్టిని ఆకర్షించింది.

హోవర్డ్‌కు గాలి కొత్త విషయం కాదు. అవధ్ ప్రాంతంలో జైస్ పరిసరాల పొగాకు, కూరగాయల రైతులు తమ పొలాలలో పగిలిన కుండపెంకులు బండ్లకొద్దీ కలపడం ఆయన చూశారు. పెంకులో ఎరువేమీ లేదు. మరి రైతు ఎందుకు శ్రమపడి మోస్తున్నాడు? పెంకులవల్ల మెత్తని ఒండ్రునేల గట్టిపడకుండా లోపలికి గాలి ఆడుతుంది. ఈ సంగతిని పూసాలో పెంకులు కలిపి చూసి నిర్ధారించుకున్నారు. వానాకాలంలో నీరు నిలిచే ఉత్తర బీహారు నేలలలో పైరుకు ఎరువుకంటె ముందు ఊపిరి కావాలన్న ఆలోచన ఆ విధంగా ఆయనలో స్థిరపడింది.

1914లో పూసాలో సమమైన నేల చూసి ఎనిమిది రకాల పండ్లచెట్లు నాటించారు. వాటిలో ఆకురాల్చే చెట్లు మూడు: ప్లమ్, పీచ్, సీతాఫలం. ఎప్పుడూ పచ్చగా ఉండేవి ఐదు: మామిడి, జామ, లిచి, నిమ్మ, లోక్వాట్. తొలుత తోటనంతా కలుపు లేకుండా సేద్యం చేసి చెట్లను నిలదొక్కుకోనిచ్చారు. ఆ తరువాత కొంతభాగం మామూలుగా దున్నుతూ, కొంతభాగంలో నేలను గడ్డికి వదిలారు. మరికొంత భాగంలో గడ్డి ఉంచుతూనే చెట్ల వరుసల మధ్య కందకాలు తవ్వించి, వాటిని ఇటుకముక్కలతో నింపించారు. గడ్డి ఉండాలి, అయినా నేలలోకి గాలి దిగాలి, అప్పుడు చెట్టు ఏమవుతుందో చూడాలి. ప్రశ్నను ఇంత సరళంగా, ఇంత నేరుగా నేలను అడిగిన ప్రయోగాలు అరుదు.

గడ్డిలో ఉన్న చెట్లు త్వరలోనే తమ సంగతి చెప్పాయి. చిగురు ఆలస్యంగా వచ్చింది. ఆకులు చిన్నవై, పసుపురంగుకు తిరిగి, వేళకు ముందే రాలాయి. కొత్త కొమ్మ ఎదగలేదు. కాపు తగ్గింది. లేత చెట్లు ఎక్కువగా నష్టపోయాయి, కొన్ని చనిపోయాయి కూడా; వేళ్ళు బాగా తన్నిన పెద్దచెట్లు కొంత తట్టుకున్నాయి. జాతిని బట్టి కూడా తేడా ఉంది. లోక్వాట్ వంటివి త్వరగా లొంగిపోగా, జామ అందరికంటె తక్కువ నష్టపోయింది. ఇటుకముక్కల కందకాలున్న చోట చెట్లు గడ్డిలో ఉండి కూడా మెరుగ్గా ఉన్నాయి. గాలి దొరికిన కందకాల వైపుకు వేళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాయి. కానీ పూర్తిగా సేద్యంలో ఉన్న చెట్లతో అవి సమానం కాలేదు.

పైన కనబడినదానితో హోవర్డ్ దంపతులు తృప్తిపడలేదు. చెట్టు పక్కన లోతుగా గుంట తవ్వి, మందు చల్లే చేతి పంపుతో సన్నటి నీటిధార కొట్టి, మట్టిని కొద్దికొద్దిగా కడిగి, వెంట్రుకవంటి వేళ్ళు కూడా తెగకుండా బయటపెట్టారు. ఏడాది పొడవునా, ఋతువు ఋతువుకూ ఈ పని చేశారు. ఎండలోనూ వానలోనూ బురదగుంటలో కూర్చుని చేయవలసిన ఆ పనిలో ఎంత సహనం కావాలో ఊహించుకోవచ్చు. ఫలితంగా పండ్లచెట్టు వేళ్ళు రెండంతస్తుల మేడవంటివని తేలింది. పైఅంతస్తు వేళ్ళు నేలపొరకు దగ్గరగా పరుచుకుని ఉంటాయి. కింది అంతస్తు వేళ్ళు అడుగుల లోతుకు, భూగర్భజలం దరిదాపులకు దిగుతాయి. వేసవిలో పైనేల ఎండినప్పుడు పై వేళ్ళు నిద్రపోతాయి. చెట్టును లోతు వేళ్ళు పోషిస్తాయి. మండు వేసవిలో మామిడి కాయ బరువెక్కడం వెనుక ఉన్న రహస్యం ఇదే. వానలు పడి భూగర్భజలం పైకి లేచినప్పుడు కింది వేళ్ళకు ఊపిరాడదు. అప్పుడు పనంతా పై వేళ్ళది. తొలకరితో నేలలో పుట్టే నత్రజని లవణాలను, అంటే నైట్రేట్లను, అందుకునేవి కూడా పై వేళ్ళే.

సరిగ్గా ఈ పై అంతస్తులోనే గడ్డి కాపురముంటుంది. దట్టమైన గడ్డివేళ్ళు ఊపిరి తీస్తాయి, వాటిపై బతికే సూక్ష్మజీవులూ ఊపిరి తీస్తాయి. నేలలోని గాలిని పైకి తీయించి పరీక్షిస్తే గడ్డి కింద బొగ్గుపులుసు వాయువు సేద్యపు నేలలో కంటె చాలా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. నైట్రేట్లు చెట్టు వేరుకు చేరేలోపల గడ్డి వాటిని ఆరగిస్తున్నది. చెట్టుకు ఏడాదిలో కొత్త ఆకు, కొత్త కొమ్మ పెట్టుకోవలసిన అసలైన కాలంలో పై వేళ్ళు ఆకలితోనూ, ఊపిరాడకనూ ఉండిపోతున్నాయి. పికరింగ్ ఊహించిన విషం అవసరం లేకుండానే ఈ నష్టానికి కారణం చెప్పవచ్చునన్నది హోవర్డ్ నిర్ణయం. నేటి శాస్త్రం ఈ రెంటిలో దేనినీ పూర్తిగా తోసిపుచ్చలేదు. కొన్ని మొక్కల వేళ్ళు ఇతర మొక్కలకు హానిచేసే పదార్థాలను విడుదల చేస్తాయని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. అయితే తోటలో చెట్టూ గడ్డీ పోరాడేది ప్రధానంగా నీరు, నత్రజని, గాలి కోసమేనన్న హోవర్డ్ మాటకు బలం తగ్గలేదు.

ఒక చిక్కు మిగిలింది. అడవిలో చెట్ల కింద గడ్డి ఉంటుంది కదా, అక్కడ చెట్లెందుకు చావవు? ఈ ప్రశ్నకోసం ఆయన గడ్డిలో పెరిగిన అడవిచెట్ల వేళ్ళను కూడా పరిశీలించారు. వాటి పై వేళ్ళు గడ్డివేళ్ళతో సమానంగా పోటీపడి పైమన్నులో తమ చోటు తాము సంపాదించుకోగలవని గమనించారు. మనిషి పండు కోసం సాకుతూ వచ్చిన చెట్టుకు ఆ దేహబలం లేదు. ఈ పదేళ్ళ పరిశీలన 1925లో లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో సుదీర్ఘ వ్యాసంగా వెలువడింది. దానిపై ఆల్బర్ట్ పేరొక్కటే ఉండడం చూస్తే గాబ్రియెల్ విషయంలో కొంత వెలితిగా తోస్తుంది.

గడ్డి చెట్టుకు చెరుపు చేస్తుందంటే చెట్ల కింద ఏ పచ్చదనమూ పనికిరాదని అర్థమా? హోవర్డ్ జీవితంలోని మరొక అధ్యాయం దీనికి సమాధానమిస్తుంది. 1910 నుంచి 1918 వరకు ప్రతి వేసవిలోనూ ఆ దంపతులు బలూచిస్తాన్‌లోని క్వెట్టాకు వెళ్ళి, అక్కడి ఫలప్రయోగ కేంద్రాన్ని నిర్వహించేవారు. పీచ్, ఆప్రికాట్, బాదం, ద్రాక్ష తోటల ప్రాంతమది. వాన బహుస్వల్పం, కాలువనీరు ప్రాణం. అక్కడి రైతులు శఫ్తల్ అనే ఒక పప్పుజాతి పశుగ్రాసం పండించేవారు. మనవైపు జనుము, పిల్లిపెసర చేసే మేలును అది అక్కడ చేస్తుంది. వేళ్ళ బుడిపెలలో గాలిలోని నత్రజనిని నిలిపి, కోసినది మేతగానూ దున్నినది ఎరువుగానూ ఉపయోగపడుతుంది. హోవర్డ్ దంపతులు ఈ శఫ్తల్‌ను శ్రద్ధగా సాగుచేసి, దాని గుణాలను వివరిస్తూ ప్రచురణలు చేశారు. గడ్డి చెట్టు నోటి దగ్గర నత్రజనిని లాక్కుంటుంది. పప్పుజాతి మొక్క తన నత్రజనిని తాను సంపాదించుకుని, పోతూ పోతూ నేలకు వదిలిపోతుంది. నేలమీద పచ్చగా కనబడినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

క్వెట్టాలో మరో సంగతి కూడా తెలిసింది. పీచ్, బాదం చెట్లకు పచ్చపేను పట్టడం చూసి ఆయన మందు చల్లించలేదు. చలికాలంలో అవసరానికి మించి నీరు పెట్టిన తోటలలోనే అది విజృంభిస్తున్నదని గమనించి, నీరు తగ్గించి లోతుగా సేద్యం చేయించారు. నేలకు గాలి ఆడగానే కొత్తగా వచ్చిన చిగురును పేను ముట్టలేదు. ఇదికాక, పండ్లు దూరప్రయాణంలో నలగకుండా, గాలి ఆడే బుట్టలలో సర్ది పంపే పద్ధతిని కూడా క్వెట్టాలో ఆయన రూపొందించారు. పండు పెంచినవానికి చివరకు అందవలసింది దాని వెల అన్న స్పృహ ఆయనకుండేది.

పూసాలో ఒక్కొక్క శాఖ ఒక్కొక్క గోడ వెనుక పనిచేసేది. పురుగుల నిపుణునికి నేలతో పనిలేదు, నేల రసాయనికునికి మొక్కతో పనిలేదు. వేళ్ళగుంటలో కూర్చున్న మనిషికి ఈ గోడలు ఎంత అసహజంగా కనబడి ఉంటాయో చెప్పనవసరం లేదు. 1924లో ఆయన పూసాను విడిచి, మధ్యభారత సంస్థానాల సహకారంతోనూ, భారత కేంద్ర పత్తి సంఘం ధనసహాయంతోనూ ఇండోరులో 300 ఎకరాలపై ఏర్పడిన సస్య పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. ఇక్కడే యశ్వంత్ వాడ్ అనే సహచరునితో కలిసి, చెత్త, ఆకులు, పత్తికట్టె, పేడ, మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలుగా వేసి, మధ్యమధ్య తిరగవేస్తూ సుమారు మూడు నెలలలో చివికిన ఎరువుగా మార్చే పద్ధతిని ఖరారు చేశారు. లోకమంతా దానిని ఇండోర్ పద్ధతి అని పిలిచింది. 1931లో వారిద్దరూ ప్రచురించిన పుస్తకం దానిని వివరించింది. తిరగవేయడంలో ఉన్న రహస్యం కూడా గాలే. దాదాపు ఒక దశాబ్దం తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి.ఎన్. ఆచార్య తిరగవేయనవసరం లేని మరొక పద్ధతిని రూపొందించారు. పట్టణాల చెత్తకు అనుకూలమైన దానికి బెంగుళూరు పద్ధతి అని పేరు నిలిచింది. 1935లో మహాత్మాగాంధీ ఇండోరు సంస్థకు వెళ్ళి కంపోస్టు తయారీని స్వయంగా చూశారు. అప్పటికి హోవర్డ్ అక్కడ లేరు.

1930 ఆగస్టులో జెనీవాలో గాబ్రియెల్ మరణించారు. పాతికేళ్ళు ఒకే బల్ల దగ్గర, ఒకే పొలంలో పనిచేసిన మనిషి లేకుండా ఇండోరులో ఉండడం ఆయనకు సాధ్యం కాలేదు. 1931లో ఉద్యోగం వదిలి ఇంగ్లండుకు వెళ్ళిపోయారు. గాబ్రియెల్ చెల్లెలు లూయీజ్‌ను అదే ఏడాది వివాహమాడారు. 1934లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

అదే ఏడాది లండను సమీపంలోని బ్లాక్‌హీత్‌లో ఆయన ఒక ఇల్లు కొన్నారు. దాని వెనుక పెరటితోటలో నేల నిస్సారమై ఉంది. ఆపిల్ చెట్లు దూదిపేనుతో తెల్లబారి ఉన్నాయి. అరవయ్యేళ్ళు దాటిన ఆ మనిషికి అది మరొక పూసా అయింది. మందు చల్లకుండా, చెట్లు కొట్టివేయకుండా, కంపోస్టు మాత్రమే వేస్తూ వచ్చారు. మూడేళ్ళు గడిచేసరికి పేను దాదాపు మాయమైందని, చెట్లు కోలుకున్నాయని ఆయన నమోదు చేశారు. ఒక్క పెరటితోట సాక్ష్యం శాస్త్రానికి చాలదని ప్రత్యర్థులు అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. పోల్చి చూడడానికి కంపోస్టు వేయని భాగమంటూ ఆ పెరట్లో లేదు. పూసాలో అంత జాగ్రత్తగా సరిపోల్చి చూసిన మనిషి బ్లాక్‌హీత్‌లో ఆ పని ఎందుకు చేయలేదన్నది ఆలోచించవలసిన విషయమే.

1940లో వెలువడిన ఆయన గ్రంథం వ్యవసాయ లోకంలో కలకలం రేపింది. అందులో పూసాలోని గడ్డి, చెట్ల ప్రయోగానికి ప్రముఖస్థానమిచ్చారు. వేళ్ళతో సహజీవనం చేసే మైకోరైజా అనే శిలీంధ్రం చెట్టుకూ చివికిన ఎరువుకూ మధ్య వంతెనగా పనిచేస్తుందన్నది ఆయన చివరి సంవత్సరాల నమ్మకం. వేళ్ళకు భాస్వరం అందించడంలో ఆ శిలీంధ్రం పాత్ర నేడు పాఠ్యపుస్తకాలకు ఎక్కిన విషయం. రసాయనపు ఎరువులను మాత్రం ఆయన పూర్తిగా తిరస్కరించారు. ఆ తిరస్కారంలో కొంత తీవ్రత ఉంది. అమెరికాలో జె.ఐ. రోడేల్ 1942లో ప్రారంభించిన సేంద్రియ వ్యవసాయ పత్రికకు ఆయన సహసంపాదకులుగా ఉన్నారు. ఇంగ్లండులో 1946లో సాయిల్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు మాత్రం, ఆయన రచనలతో ఉత్తేజం పొందినవారే దానిని స్థాపించినా, తాను అందులో చేరలేదు.

పండ్లతోటల కింద సజీవ ఆచ్ఛాదన విషయం హోవర్డ్ తరువాత ఎంతో ముందుకు సాగింది. జపానులో మసనోబు ఫుకువోకా తన నారింజ తోటలో తెల్లక్లోవర్‌ను పెంచి ప్రసిద్ధులయ్యారు. అదీ పప్పుజాతి మొక్కే. అక్కడ వానలకు కొదవ లేదు. వాన తక్కువైన కోలారు, కృష్ణగిరి, అనంతపురం నేలలకు దానిని యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు. ఇక్కడ లేత తోటల వరుసల మధ్య ఉలవలు, వేరుశనగ వేయడం ఏనాటినుంచో ఉన్నదే. చెట్టు పాదును కలుపు లేకుండా ఉంచి, వరుసల మధ్య వానాకాలంలో జనుము, అలసంద, పిల్లిపెసర వంటివి చల్లి, పూతకు వచ్చే వేళకు కోసి చెట్టు మొదట్లో పరచడమో, నేలలో కలియదున్నడమో చేస్తే గాలికీ, తేమకూ, నత్రజనికీ చెట్టుతో పోటీ రాదు. వానలు వెనుకపట్టాక కూడా ఆ పైరును నిలిపి ఉంచితే అది చెట్టు నీటినే తాగుతుంది. పైనేలలో గరిక, తుంగ దట్టంగా అల్లుకున్న లేత తోటలో చెట్టు ఎందుకు ఎదగడం లేదో తెలియాలంటే ఒక గడ్డపార, కొంత నీరు, ఒక పూట ఓపిక ఉంటే చాలు. వేళ్ళు ఎక్కడ ఉన్నాయో, ఎక్కడ లేవో కడిగిన మట్టిలో కనబడుతుంది.

హోవర్డ్ 1947 అక్టోబరు 20న బ్లాక్‌హీత్‌లో మరణించారు. ఆయన పాతికేళ్ళు పనిచేసిన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. పూసాలోని పాత ఆవరణ పక్కనే 1970లో రాజేంద్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి, 2016లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. లూయీజ్ 1953లో తన భర్తా, అక్కా కలిసి భారతదేశంలో చేసిన పనిని పూసా నుంచి క్వెట్టా వరకు, క్వెట్టా నుంచి ఇండోరు వరకు ఒక పుస్తకంగా కూర్చి ప్రచురించారు. 1925 నాటి వ్యాసంమీద కనబడని గాబ్రియెల్ పేరు ఆ పుస్తకంలో అడుగడుగునా కనబడుతుంది.